షెబ్నాకు యెషయా హెచ్చరిక

షెబ్నాకు యెషయా హెచ్చరిక బైబిలు పాత నిబంధనలోని యెషయా గ్రంథము 22వ అధ్యాయంలో 15 నుండి 25 వరకు గల వచనాలలో ఉన్న ప్రవచన భాగం. క్రీ.పూ. 8వ శతాబ్దం చివర యూదా రాజ్యాన్ని పాలించిన హిజ్కియా కొలువులో షెబ్నా అనే పెద్ద ఉద్యోగి ఉండేవాడు. అతడు తన పదవిని, హోదాను పోగొట్టుకొంటాడని యెషయా ప్రవక్త ఇందులో హెచ్చరిస్తాడు. దేశాల మీద, నగరాల మీద, రాజుల మీద చెప్పిన ప్రవచనాలు యెషయా గ్రంథంలో అనేకం ఉన్నాయి. ఒక ఉద్యోగిని పేరు పెట్టి మందలించినది మాత్రం ఇదొక్కటే.

ఈ భాగాన్ని సాధారణంగా గర్వభంగానికి ఉదాహరణగా చెబుతారు. అది తప్పు కాదు గాని, అంతటితో ఆపితే సగం మాత్రమే చదివినట్లవుతుంది. పదకొండు వచనాలలో మొదటి అయిదే షెబ్నాను గురించినవి. తక్కిన ఆరూ అతని స్థానంలోకి రాబోయే ఎల్యాకీమును గురించినవి. మంచివాడని మెచ్చుకొని నియమించిన ఆ ఎల్యాకీము విషయంలో కూడా చివరి వచనం పతనాన్నే సూచిస్తుంది. హెచ్చరిక షెబ్నా అనే మనిషికి ఎంతో, అతడు కూర్చున్న పీఠానికీ అంతే అని గమనించితే గాని ఈ భాగం పూర్తిగా బోధపడదు.

నేపథ్యం

క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు సామ్రాజ్యం ఉత్తరాన ఉన్న ఇశ్రాయేలు రాజ్యాన్ని జయించి దాని రాజధాని షోమ్రోనును పట్టుకొన్నది. దక్షిణాన చిన్నదైన యూదా రాజ్యం అష్షూరుకు కప్పం కడుతూ మిగిలింది. క్రీ.పూ. 705లో అష్షూరు చక్రవర్తి రెండవ సర్గోను మరణించిన తరువాత హిజ్కియా కప్పం ఆపి తిరుగుబాటు చేశాడు. క్రీ.పూ. 701లో సర్గోను కుమారుడు సన్హెరీబు దండెత్తి వచ్చాడు. యూదాలో 46 ప్రాకారాలు గల పట్టణాలను పట్టుకొన్నాననీ, హిజ్కియాను పంజరంలోని పక్షి వలె యెరూషలేములో బంధించాననీ సన్హెరీబు తన శాసనాలలో చెప్పుకొన్నాడు. యెరూషలేము మాత్రం అతనికి చిక్కలేదు.

ముట్టడికి సిద్ధపడుతున్న నగరం ఎలా ఉండేదో 22వ అధ్యాయంలోనే, షెబ్నా ప్రస్తావనకు ముందు వచనాలలో, కనబడుతుంది. ఆయుధశాలను తనిఖీ చేశారు, కోటగోడల బీటలను చూసుకొన్నారు, నీటిని మళ్ళించి నిలవ చేశారు. నగరంలోని ఇండ్లను లెక్కపెట్టి, కొన్నిటిని పడగొట్టి ఆ రాళ్ళతో గోడను బలపరిచారు. ఇది కేవలం కవితా వర్ణన కాదు. 1970ల దశకంలో నాహ్మాన్ అవిగాద్ జరిపిన త్రవ్వకాలలో యెరూషలేము పాత నగరపు యూదుల వాడలో సుమారు 7 మీటర్ల మందం గల ఆనాటి గోడ బయటపడింది. దానికి చోటివ్వడం కోసం ఇండ్లను కూల్చిన ఆనవాళ్ళు అక్కడ స్పష్టంగా ఉన్నాయి. కొండను తొలిచి గిహోను ఊట నీటిని నగరంలోనికి తెచ్చిన 533 మీటర్ల సొరంగాన్ని కూడా సాధారణంగా హిజ్కియా కాలానిదిగానే భావిస్తారు.

ఒక పక్క గోడ కోసం జనుల ఇండ్లు కూలుతున్నాయి, ఇంకొక పక్క రాజ్యంలోని పెద్ద ఉద్యోగి ఎత్తైన చోట రాతిలో తనకు సమాధి తొలిపించుకొంటున్నాడు. ఈ రెండూ ఒకే నెలలో జరిగాయని గ్రంథం చెప్పలేదు, ప్రవచనానికి తేదీ కూడా లేదు. అయినా గ్రంథంలో ఈ రెంటినీ పక్కపక్కన అమర్చడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది.

రాజగృహ నిర్వాహకుడు

షెబ్నా పదవిని హీబ్రూలో "అషెర్ అల్ హబ్బాయిత్" అంటారు. "ఇంటి మీద ఉన్నవాడు" అని మాటకు మాట అర్థం. తెలుగు బైబిలులో దీనిని గృహనిర్వాహకుడు అన్నారు. ఈ మాట చదివిన మన విద్యార్థులకు వంటశాలను, నౌకర్లను చూసుకొనే మనిషి స్ఫురించవచ్చు. ఇక్కడ ఇల్లంటే రాజగృహం, అంటే రాజు ఆస్తులు, ఆదాయం, కొలువు అన్నీ. సొలొమోను ఉద్యోగుల జాబితాలో అహీషారుకు, అహాబు కొలువులో ఓబద్యాకు ఇదే పదవి ఉన్నది. అజర్యా రాజు కుష్ఠువ్యాధితో వేరుగా నివసించినప్పుడు అతని కుమారుడు యోతాము "ఇంటి మీద" ఉండి దేశాన్ని పాలించాడని రాజుల రెండవ గ్రంథము చెబుతుంది. యువరాజు నిర్వహించదగిన పదవి అన్నమాట. మన చరిత్రలో మహామంత్రి, ప్రధాని అన్న మాటలు దీనికి కొంత దగ్గర.

యెషయా షెబ్నాకు "సోఖేన్" అనే మరొక బిరుదు కూడా వాడాడు. ఫినీషియా శాసనాలలో ఇది అధిపతి అనే అర్థంలో కనబడుతుంది.

ప్రవచనంలోని విషయం

దేవుడు యెషయాను షెబ్నా దగ్గరకు వెళ్ళి అడగమంటాడు. నీకు ఇక్కడ ఏమున్నది, ఇక్కడ ఎవరున్నారు, ఇక్కడ సమాధి తొలిపించుకొంటున్నావేమి అని ఆ ప్రశ్నల సారాంశం. ఒక్క వాక్యంలో "ఇక్కడ" (హీబ్రూలో పో) అనే మాట మూడు సార్లు వస్తుంది. దానికి జవాబుగా రెండు వచనాల తరువాత "అక్కడ" (షామ్మా) అనే మాట రెండు సార్లు వస్తుంది. విశాలమైన పరదేశంలో, అక్కడ చనిపోతావు, నీ ఘనతకు గుర్తైన రథాలూ అక్కడే ఉంటాయి అని. ఇక్కడే శాశ్వతంగా ఉండాలని ఏర్పాట్లు చేసుకొన్నవాడికి అక్కడ అన్నదే శిక్ష.

"ఇక్కడ ఎవరున్నారు" అన్న ప్రశ్నలో ఒక చురక ఉన్నది. ఎల్యాకీమును హిల్కీయా కుమారుడనీ, వారితోపాటు కనబడే యోవాహును ఆసాపు కుమారుడనీ చెప్పిన బైబిలు షెబ్నా తండ్రి పేరును ఎక్కడా చెప్పలేదు. అందువలన అతడు పరదేశీయుడనీ, పెద్ద వంశానికి చెందనివాడనీ పలువురు పండితులు ఊహించారు. అది ఊహ మాత్రమే. అయితే యూదాలో సమాధి తండ్రితాతలతో ముడిపడినది. చనిపోవడాన్ని "పితరులతో కూడ నిద్రించుట" అనే దేశమది. సామాన్యులను మట్టిలో పూడ్చేవారు, రాతిలో తొలిచిన సమాధులు సంపన్న వంశాలకే ఉండేవి. వంశం అక్కడ లేనివాడు వంశస్థుల చోటు కోసం ప్రాకులాడుతున్నాడన్న ధ్వని ఈ ప్రశ్నలో వినబడుతుంది.

రథాల సంగతి కూడా చిన్నది కాదు. దావీదు కుమారులలో సింహాసనానికి ఎగబడిన అబ్షాలోము, అదోనీయా ఇద్దరూ మొదట చేసిన పని రథాలను, ముందు పరుగెత్తే మనుష్యులను సమకూర్చుకోవడం. రథాలలో తిరిగే ఉద్యోగిని చూసి యెరూషలేము ప్రజలకు ఆ పాత కథలు గుర్తుకు రాక తప్పదు.

17, 18 వచనాలలోని పోలిక విచిత్రమైనది. షెబ్నాను గట్టిగా చుట్టచుట్టి చెండు వలె విసరివేస్తానని దేవుడంటాడు. చుట్టడానికి వాడిన హీబ్రూ ధాతువు నుండే తలపాగాకు ఉన్న పేరు కూడా వచ్చింది. తలపాగా ఆ దేశంలో కూడా పెద్దరికానికి చిహ్నమే. తలకు చుట్టుకొన్నవాడిని మనిషితో సహా చుట్టి పారవేయడం అనే ఈ శ్లేష అనువాదాలలో నిలువదు. అదే చోట షెబ్నాను "గెబెర్" అని సంబోధించారు, అంటే శూరుడు అని. ఎత్తిపొడుపుగా అన్నమాట. తరువాతి కాలపు హీబ్రూలో ఈ మాటకు కోడిపుంజు అనే అర్థం కూడా ఏర్పడింది. అందువలన జెరోము తన లాటిను అనువాదంలో కోడిపుంజును పట్టుకొనిపోయినట్లు నిన్ను తీసికొనిపోతారని వ్రాశాడు. మూలకర్త ఉద్దేశం అది కాకపోవచ్చు గాని, షెబ్నాకు నప్పిన పోలికే.

బరువు, పరువు

ఈ భాగంలో ఘనత అని అనువదించిన హీబ్రూ మాట "కాబోద్". దాని ధాతువుకు బరువుగా ఉండడం అని అర్థం. షెబ్నాను నిందించిన మాట "కలోన్", అంటే అవమానం. తేలికగా ఉండడం అనే అర్థం గల ధాతువుతో దానికి చుట్టరికం ఉన్నది. తెలుగు చదువుకొన్నవారికి ఇది వెంటనే పట్టుబడుతుంది. గురువు అంటే బరువైనది, ఆ గురుత్వమే గౌరవం. తేలికతనాన్ని తెలిపే చులకన అన్న మాటే నిర్లక్ష్యానికీ పేరయింది. ఛందస్సు పాఠంలో గురులఘువులు చెప్పేటప్పుడు ఈ సంగతి కూడా చెబితే పిల్లలు ఎన్నడూ మరువరు. సంబంధం లేని రెండు భాషా కుటుంబాలలో మర్యాద బరువుగాను, అవమానం తేలికగాను తోచడం ఆసక్తి కలిగించే విషయం.

ఈ దృష్టితో చదివితే ప్రవచనమంతా తూకం వేసినట్లుగా ఉంటుంది. తనను బరువైనవాడిగా భావించుకొన్న షెబ్నా చెండు వలె ఎగిరిపోతాడు. ఎంతో ఘనత తెచ్చాడనుకొన్న అతడు యజమాని ఇంటికి తేలికతనం తెచ్చినవాడవుతాడు. 19వ వచనం అతని ఉద్యోగం నుండి తొలగిస్తానని, నిలిచిన చోటి నుండి పడద్రోస్తానని చెబుతుంది. అక్కడ వాడిన రెండు హీబ్రూ మాటలూ "నిలబడడం" అనే అర్థం నుండి వచ్చినవి. మర్యాద అంటే ఒకచోట నిలిచి ఉండడం, అది పోవడమంటే కాళ్ళక్రింది చోటు పోవడం అన్న భావం మూలంలో స్పష్టంగా ఉన్నది.

ఎల్యాకీము

20వ వచనం నుండి మాట ఎల్యాకీము వైపు మళ్ళుతుంది. షెబ్నా అంగీని ఎల్యాకీముకు తొడుగుతారు, షెబ్నా నడికట్టును అతనికి కడతారు. కొత్త బట్టలు కుట్టించరు. వస్త్రం పదవిదే గాని మనిషిది కాదు. అతడు యెరూషలేము నివాసులకు తండ్రిగా ఉంటాడని కూడా చెప్పబడింది. సమాధి తొలిపించుకొన్నవాడిలో లోపించినదేమిటో ఈ ఒక్క మాట వలన తెలుస్తుంది.

తరువాత దావీదు ఇంటి తాళపుచెవిని అతని భుజం మీద ఉంచుతారు. చెవి భుజం మీద ఎందుకని సందేహం రావచ్చు. ఆ కాలపు పెద్ద తలుపుల తాళపుచెవులు కొయ్యవి, పొడవైనవి, భుజాన మోసుకొని పోవలసినవి. అతడు తెరిస్తే మూసేవాడుండడు, మూస్తే తెరిచేవాడుండడు. రాజదర్శనం ఎవరికి దొరకాలో నిర్ణయించే అధికారమిది.

అప్పుడు మేకు పోలిక వస్తుంది. ఎల్యాకీమును దిట్టమైన చోట కొట్టిన మేకు వలె స్థిరపరుస్తానని దేవుడంటాడు. మన పాత ఇండ్లలో గోడకు బిగించే చిలకకొయ్యను తలచుకొంటే ఈ పోలిక తేటపడుతుంది. కొయ్య గట్టిగా ఉన్నదని తెలియగానే ఇంటిల్లిపాదీ ఏదో ఒకటి దానికే తగిలిస్తారు. 24వ వచనంలో జరిగేది అదే. ఎల్యాకీము తండ్రి ఇంటి ఘనత అంతా, పిల్లలు, వారి పిల్లలు, చిన్న గిన్నె మొదలు పెద్ద కూజా వరకు ప్రతి పాత్రా ఆ మేకుకే వ్రేలాడుతుంది. ఇక్కడ కూడా "కాబోద్" అన్న మాటే వాడారు, అంటే బరువు. 25వ వచనంలో ఆ మేకు ఊడి పడిపోతుంది, దాని మీది భారమంతా నాశనమవుతుంది.

ఈ చివరి వచనం వ్యాఖ్యాతలను ఇబ్బంది పెట్టింది. దేవుడే మెచ్చి స్థిరపరచినవాడు పడిపోవడమేమిటని కొందరు దీనిని వెనుకకు మళ్ళించి, పడిపోయే మేకు షెబ్నాయేనన్నారు. వరుసగా చదివితే అది కుదరదు. మేకు అన్న పేరు ఎల్యాకీముకే పెట్టారు, దిట్టమైన చోటు అన్న మాట కూడా అతనిని గురించి రెండు వచనాల ముందు వాడినదే. కాబట్టి ఆధునిక పండితులలో ఎక్కువమంది దీనిని ఎల్యాకీముకే అన్వయిస్తారు. కొందరు ఇది తరువాతి కాలంలో చేర్చిన వచనమంటారు. ఏదైనప్పటికీ ఎల్యాకీముకు ఏ దోషమూ అంటగట్టలేదని గమనించాలి. మేకు చెడ్డది కాదు, తగిలించినవారు ఎక్కువయ్యారు. షెబ్నా పదవిని తన పేరు శాశ్వతం చేసుకోవడానికి వాడుకొన్నాడు. ఎల్యాకీము విషయంలో పదవిని వాడుకొన్నది బంధువర్గం. రెండింటి ఫలితమూ ఒకటే అయింది.

తరువాత ఏమి జరిగింది

యెషయా గ్రంథము 36వ అధ్యాయంలోను, రాజుల రెండవ గ్రంథము 18వ అధ్యాయంలోను సన్హెరీబు దండయాత్ర కథ ఉన్నది. అష్షూరు దూత రబ్షాకే కోట బయట నిలిచి పిలిచినప్పుడు హిజ్కియా పక్షాన ముగ్గురు ఉద్యోగులు వెళ్ళారు. ఎల్యాకీము గృహనిర్వాహకుడు, షెబ్నా శాస్త్రి, యోవాహు దస్తావేజుల అధికారి. తెలుగు బైబిలులోని శాస్త్రి అన్న మాటకు మన వాడుకలోని పండితుడనే అర్థం కాదు. రాజు ఉత్తరాలను, లెక్కలను వ్రాసే ఉద్యోగి. విజయనగర కాలపు పరిభాషలో చెప్పాలంటే రాయసం. చిన్న ఉద్యోగమేమీ కాదు గాని, మునుపటి దానికంటె తక్కువది.

హెచ్చరిక ఇక్కడికి ఒక సగం నెరవేరినట్లు కనబడుతుంది. అంగీ, నడికట్టు ఎల్యాకీముకు వెళ్ళాయి. పరదేశంలో మరణం మాట మాత్రం బైబిలులో మరెక్కడా లేదు. ఈ చిక్కు వలన ఇద్దరు షెబ్నాలు ఉండేవారని కొందరు వాదించారు. ఒకే కొలువులో, అదే ఎల్యాకీము పక్కన అదే పేరుగల మనిషి కనబడుతున్నప్పుడు ఒకడే అనుకోవడం సహజం.

ఒకడే అయితే తరువాత జరిగినది ఆలోచింపదగినది. జనులకు అర్థం కాకుండా అరామిక్ భాషలో మాట్లాడమని రబ్షాకేను కోరినవారిలో షెబ్నా ఉన్నాడు. రబ్షాకే మాటలు విని బట్టలు చింపుకొని తిరిగి వచ్చినవారిలోనూ ఉన్నాడు. అప్పుడు హిజ్కియా దేవుని మాట తెలిసికొని రమ్మని ఎల్యాకీమును, షెబ్నాను, యాజకులలో పెద్దలను గోనెపట్టలతో యెషయా వద్దకు పంపాడు. తనను చెండు వలె విసరివేస్తారని చెప్పిన ప్రవక్త ఎదుట, తన అంగీ తొడుక్కొన్నవాని పక్కన షెబ్నా నిలిచి నగరం కోసం మనవి చేయవలసి వచ్చింది. వారి మధ్య షెబ్నా మాట వచ్చినట్లు గ్రంథం చెప్పదు. భయపడవద్దని యెషయా రాజుకు కబురు పంపాడు.

పడిపోయినవారిని ఎగతాళి చేయడానికి షెబ్నా పేరు ఎత్తేవారు ఈ ఘట్టాన్ని చదవాలి. హోదా పోయినవాడు పని మానలేదు, ముట్టడి నాడు తన స్థాయికి తగిన పని చేశాడు. అది పశ్చాత్తాపమా, గత్యంతరం లేకనా అన్నది ఎవరికి వారే ఊహించుకోవాలి.

అపరాధం ఏమిటి?

సమాధి, రథాలు తప్ప షెబ్నా నేరం ఇదని ప్రవచనం వివరించలేదు. అతడు ఐగుప్తుతో స్నేహం కోరిన వర్గానికి నాయకుడని అనేక వ్యాఖ్యానాలలో కనబడుతుంది. ఐగుప్తు రథాలను నమ్ముకోవడాన్ని యెషయా 30, 31 అధ్యాయాలలో తీవ్రంగా ఖండించిన మాట నిజమే. అయితే అక్కడ షెబ్నా పేరు లేదు.

యూదు సంప్రదాయం దీనికి సరిగా వ్యతిరేకమైన కథ చెబుతుంది. తల్ముదులోని సన్హెద్రిను అనే భాగంలో షెబ్నా అష్షూరుకు లొంగిపోదామన్న పక్షానికి పెద్ద, అతని వెంట ఉన్నవారు హిజ్కియా వెంట ఉన్నవారికంటె ఎక్కువ. సంధికి ఒప్పుకొన్నామని చీటీ వ్రాసి బాణానికి కట్టి శత్రువుల వైపు వేశాడట. కాని అతడు కోట దాటగానే గబ్రియేలు దేవదూత తలుపు మూసివేయడంతో అనుచరులు లోపలే నిలిచిపోయారు. నీ సేన ఎక్కడ అని అడిగి, మమ్మల్ని వెక్కిరించావని కోపించిన అష్షూరువారు అతని మడమలకు బెజ్జాలు చేసి గుర్రాల తోకలకు కట్టి ముళ్ళ మీద ఈడ్చారని కథ. తలుపు తెరిచే మూసే అధికారం చేజారినవానికి తలుపు మూతపడడమే కీడు కావడం ఇందులోని చమత్కారం.

క్రైస్తవ సంప్రదాయంలో షెబ్నాకంటె తాళపుచెవికి ప్రసిద్ధి ఎక్కువ. ప్రకటన గ్రంథము 3వ అధ్యాయం 7వ వచనంలో దావీదు తాళపుచెవి గలవాడని క్రీస్తును చెప్పినది ఈ ప్రవచనాన్ని అనుసరించే. మత్తయి సువార్త 16వ అధ్యాయంలో పేతురుకు పరలోకరాజ్యపు తాళపుచెవులు ఇవ్వడాన్ని కూడా, ముఖ్యంగా కతోలిక వ్యాఖ్యాతలు, దీనితో పోలుస్తారు.

సిల్వాను సమాధి

1870లో ఫ్రెంచి పండితుడు షార్ల్ క్లెర్మోఁ-గానో యెరూషలేముకు తూర్పున కిద్రోను లోయకు ఆవలి గట్టున ఉన్న సిల్వాను గ్రామంలో ఒక రాతి సమాధి ద్వారం మీద శాసనాన్ని కనుగొన్నాడు. ఆ గ్రామం ఉన్న కొండ అంచున యూదా రాజుల కాలపు ఉన్నతవర్గాల సమాధులు అనేకం తొలచబడి ఉన్నాయి. లోయకు ఈవలనున్న దావీదు పట్టణం అక్కడి నుండి ఎదురుగా కనబడుతుంది. శాసనం బాగా దెబ్బతిన్నందున దాదాపు ఎనభై యేళ్ళు దానిని సరిగా చదవలేకపోయారు. 1953లో నాహ్మాన్ అవిగాద్ చదివి ప్రకటించాడు. ఇది "ఇంటి మీద ఉన్న" ఫలానావాని సమాధి అనీ, ఇందులో వెండి బంగారాలు లేవనీ, తన ఎముకలు, తన దాసియైన స్త్రీ ఎముకలు మాత్రమే ఉన్నాయనీ, తెరిచినవాడు శపింపబడుగాక అనీ అందులోని విషయం.

పదవి సరిపోయింది, ఎత్తైన చోటు సరిపోయింది, లిపి కూడా క్రీ.పూ. 700 ప్రాంతానిది. పేరున్న చోటనే రాయి పగిలిపోయి చివరి అక్షరాలు "యాహు" మాత్రం మిగిలాయి. షెబ్నా పేరుకు పూర్తి రూపం షెబన్యాహు కావచ్చును గనుక ఇది అతని సమాధియే కావచ్చునని అవిగాద్ సూచించాడు. ఆ కాలపు యూదా పేర్లు అనేకం "యాహు"తోనే ముగుస్తాయి, ఆ పదవిలో పనిచేసినవారూ పలువురు. కాబట్టి నిశ్చయంగా చెప్పడానికి వీలులేదు. షెబ్నా తన సమాధిలో చేరలేదన్న ప్రవచనం నిజమైతే, ఎముకలు ఉన్నాయని వ్రాసిన ఈ సమాధి అతనిది ఎలా అవుతుందన్న ప్రశ్న కూడా ఉన్నది. బ్రతికి ఉండగానే సమాధి తొలిపించి శాసనం చెక్కించుకొనేవారు గనుక ఆ ఆక్షేపణకు సమాధానం లేకపోలేదు. ఆ శాసనపు రాయి ప్రస్తుతం లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. సన్హెరీబు తన అంతఃపురంలో చెక్కించుకొన్న లాకీషు ముట్టడి శిల్పాలు కూడా అదే భవనంలో ఉన్నాయి.